చిరిగిన చెవి

నేను ఒక బొంతను. ఇప్పుడు హైదరాబాదులో ఒక మ్యూజియం గోడకు వేలాడుతున్నాను. నా మీద ఒక నల్లకుక్క పడుకొని ఉంటుంది. చూడడానికి వచ్చేవాళ్లు కాస్త దూరంలో ఆగి, తల పక్కకు వంచి, "భలే ఉంది" అని ముందుకు సాగిపోతారు. నన్ను చూడడం కోసం కుట్టలేదని వాళ్లకు తెలియదు. మనుషులకు గోడకెక్కితేనే గౌరవం. ఒంటిమీద కప్పుకున్నంత కాలం నేను ఉత్త పాతగుడ్డనే.

సిద్దిపేట వైపు ఒక ఊళ్లో గొర్రెలు కాసే బీరయ్య భార్య కొమురవ్వ నన్ను కుట్టింది. వాళ్ల వాడలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి బొంత ఆమె చేతిదే. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ఏ అంచునూ మడవకుండా వదిలేది కాదు. పోగులు లేచిన గుడ్డ కంటపడితే ఆమెకు అన్నం సయించేది కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నా కథంతా ఇక్కడే చిక్కుకుంది.

బీరయ్యకు నడివయసు దాటాక కళ్లు పోయాయి. మొదట దూరపు గొర్రెలు కనబడలేదు, తర్వాత దగ్గరివి, చివరకు తన చేతికర్ర కూడా కనబడలేదు. అప్పటినుంచి అతన్ని నడిపించింది సుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లటి ఆడకుక్క. దాని మెడతాడు పట్టుకొని అతను మంద దగ్గరికీ, చాయ్ హోటల్‌కీ, పక్కూరి పెళ్లికీ పోయి వచ్చేవాడు. దారిలో గుంత ఉంటే అది ఆగేది, అతనూ ఆగేవాడు. ఒకప్పుడు తోడేలు మంద మీద పడితే, గొర్రెపిల్ల కోసం కొట్లాడి కుడిచెవి సగం పోగొట్టుకుంది.

ముసలిదై, ఒక మధ్యాహ్నం సుక్క బీరయ్య మంచం పక్కనే కన్నుమూసింది. చెలక గట్టున పాతిపెట్టారు. ఆ తర్వాత అతను గడప దాటలేదు. "కుక్క కోసం గింత రందా, గింత ఏడుపా?" అని ఊరివాళ్లు నవ్వారు. సొంతవాళ్ల దినాలనాడు గిన్నెలో ముక్కలు తక్కువ పడ్డాయని అలిగినవాళ్లే వాళ్లు! కొమురవ్వ మాత్రం నవ్వలేదు. నిద్రలో అతని చెయ్యి మంచం పక్కకు జారి కింద వెతుక్కోవడం ఆమె చూసింది. చేతికి ఏమీ తగలక అతను ఉలిక్కిపడి లేచేవాడు, ఇక పడుకునేవాడు కాదు. మనిషి రోజురోజుకూ ఎండిపోతున్నాడు.

"ఆ చేతికి ఏదన్న ఒకటి దొరకాలె" అనుకొని ఆమె నన్ను మొదలుపెట్టింది.

పైన ఒక చీర, కింద ఒక చీర, నడుమ అతని పాత పంచెలు. కుక్కను మాత్రం సుక్క పడుకున్న గొంగడిలోంచి కత్తిరించింది, చేతికి బొచ్చులా గరుకుగా తగలాలని. చచ్చినదాని పక్కగుడ్డ ఇంట్లో ఉంచుకోవద్దని పక్కింటామె మందలించబోతే, "నా ఇంట్ల ఏముంచుకోవాల్నో నాకెరుక వదినా, నువ్వు నీ పొయ్యి మీద కూర జూస్కో" అంది. నుదుటి మచ్చకు మెత్తటి పంచె ముక్క వేసింది. ముక్కుకు పాత గొడుగు గుడ్డ వేసింది, చల్లగా నున్నగా ఉంటుందని. తోకను మొదట్లో మాత్రమే కుట్టి వదిలేసింది, పట్టుకుంటే చేతిలోకి రావాలని. కుడుతూ కుడుతూ మధ్యలో కళ్లు మూసుకొని నన్ను తడిమి చూసుకునేది. చూపున్న మనిషి అంత శ్రద్ధగా గుడ్డిదవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కుట్టడం అయ్యాక నన్ను తెచ్చి అతని ఒళ్లో వేసింది. "ఎవలొచ్చిన్రో జూడు."

బీరయ్య వేళ్లు తోకను పట్టుకున్నాయి, వీపు మీదుగా పోయాయి, ముక్కు దగ్గర ఆగాయి. మచ్చ మీదికి, ఎడమచెవి మీదికి వచ్చాయి. కుడిచెవి తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది మన సుక్క గాదే."

"ఎందుకు గాదు? దాని గొంగడే గద!"

"గీ చెవి గిట్ల లేకుండె."

కొమురవ్వకు రోషం వచ్చింది. "చినిగిన చెవి పెట్టి కుట్టాల్నా? బతికినన్నొద్దులు సగం చెవితోనే తిరిగె పాపం. నేనన్న నిండు చెవి ఇద్దామనుకున్న."

"నిండు చెవులు ఊర్ల కుక్కలన్నిటికి ఉన్నయి. గా సగం చెవి పట్టుకొనే గదనే నేను దాన్ని గుర్తువట్టింది" అన్నాడు బీరయ్య.

సాయంత్రం కొమురవ్వ కత్తెర తెచ్చి, తను పెట్టిన చెవిని తనే సగానికి వంకరటింకరగా తెగ్గోసింది. అంచు మడవలేదు. మడిస్తే నున్నగా అవుతుంది, తోడేలు నున్నగా కొరకలేదు కదా. ఆమె జన్మలో మడవకుండా వదిలిన అంచు అదొక్కటే. అది వదలడానికి ఆమెకు ఎంత కష్టమైందో సూదికీ నాకూ తెలుసు. బొటనవేలు ఆ పోగుల్లో పెట్టుకొని బీరయ్య నిద్రపోయాడు. తెల్లారి కర్ర తాటించుకుంటూ చాయ్ హోటల్‌కు వెళ్లాడు.

కొన్నేళ్లకు కొమురవ్వ జ్వరంతో పోయింది. ఆమె చీరలన్నీ ఆనవాయితీ ప్రకారం ఇచ్చేశారు. నాలో కలిసిపోయిన రెండు చీరలే మిగిలాయి.

పల్లెల్లో ఆడవాళ్లు కుట్టిన బొంతల కోసం తిరుగుతూ మ్యూజియంలో పనిచేసే నస్రీన్ ఆ ఇంటికి వచ్చింది. నన్ను చూసి, మ్యూజియంలో పెట్టడానికి ఇమ్మని అడిగింది. బీరయ్య నా చెవిని వేళ్లతో తడిమాడు. తర్వాత, "నా అసొంటి గుడ్డోడు కప్పుకుంటే మా ఆమె పనితనం ఎవలు జూస్తరు బిడ్డా? తీస్కపో. యాదికొచ్చినప్పుడు వచ్చి తాకుత, అడ్డం జెప్పద్దు" అన్నాడు. నస్రీన్ మాట ఇచ్చింది. చెవి సంగతి మాత్రం అతనూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

నస్రీన్ తండ్రి దగ్గర రఫూ పని నేర్చుకుంది. ఆమె రఫూ చేస్తే చిరుగు ఎక్కడుండేదో ఆ గుడ్డకే గుర్తుండదు. గోడకు ఎక్కించేముందు నన్ను బల్లమీద పరిచి, ఎలుక కొట్టిందనుకుందో ఏమో, "అయ్యో" అని నా కుడిచెవిని చేతిలోకి తీసుకుంది. నల్ల ఉన్ని వెతికి తెచ్చి, పోగుకు పోగు కలిపి, చెవిని నిండుగా చేసింది. నాకు నోరుంటే కేకపెట్టేదాన్ని. అంత ప్రేమగా నన్ను ఎవరూ పాడుచేయలేదు.

చలికాలంలో బీరయ్య, తన కూతురు సత్తెమ్మ భుజం పట్టుకొని వచ్చాడు. ముట్టుకోవద్దని కాపలాదారు అడ్డుపడితే నస్రీన్ పరుగున వచ్చి, నన్ను దింపి బల్లమీద పరిచింది. అవే వేళ్లు, ఇప్పుడు ఇంకా సన్నబడ్డాయి. తోక, వీపు, ముక్కు, మచ్చ. ముఖం విచ్చుకుంది. ఆ తర్వాత కుడిచెవి. చెయ్యి వెనక్కిపోయింది.

"ఇది మాది గాదు బిడ్డా. మా ఆమె కుట్టింది గాదు."

"గదే బాపూ! నేను చూస్తున్న గద" అంది సత్తెమ్మ.

"నువ్వు కండ్లతోని జూస్తున్నవ్. మా సుక్కకు గీ చెవి సగం లేదు. మీ అమ్మ కోసి పెట్టింది. అది గూడ పాయె."

నస్రీన్ బల్లమీదికి వంగింది. "మాఫ్ చెయ్యండి తాతా, అది చినిగిందనుకొని నేనే కుట్టేసిన" అంది. ఆమె సన్నకత్తెర తెచ్చుకొని బల్ల దగ్గర కూర్చుంది. తన పనిని తనే విప్పడం ఏ రఫూ చేతికైనా చావుతో సమానం. ఎక్కడ మొదలుపెట్టిందో తనకే దొరకనంత బాగా కుట్టింది మరి. కళ్లు తుడుచుకుంటూ పోగు తర్వాత పోగు లాగింది. కొమురవ్వ కోసిన అంచు, వంకరటింకరగా, మళ్లీ బయటపడింది.

"ఇప్పుడు చూడండి తాతా."

బీరయ్య చెయ్యి భయంభయంగా వచ్చింది. బొటనవేలు పాత పోగుల్లో చిక్కుకుంది. అతను వంగి నా మీద తల ఆనించాడు.

"ఇగో" అన్నాడు. "ఇద్దరు దొరికిన్రు."

నేను మళ్లీ గోడకెక్కాను. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు నా చెవి చూపించి, ఇంత పెద్ద మ్యూజియంలో ఆ కాస్త చిరుగు కుట్టే దిక్కు లేదా అని అడుగుతుంటారు. నస్రీన్ అక్కడే ఉండి వింటుంది. లేదండీ, అంటుంది.