పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఫోను విషయంలో ఆ తల్లికి వంక పెట్టడానికి లేదు. పిల్లల్ని ఫోన్ల నుంచి ఎలా కాపాడుకోవాలో చెబుతామని చర్చిలో తల్లిదండ్రులకు క్లాసు పెడితే, భర్త బస్సు డ్యూటీ ఉందని తప్పించుకున్నా తను మాత్రం ముందు వరసలో కూర్చుని ప్రతి ముక్కా చెవికెక్కించుకుంది. ఫోను పిల్ల గదిలో ఉండకూడదన్నారు. ఆ సాయంత్రమే టీవీ పక్కన దానికో చోటు చూపించింది. పాస్‌వర్డు తల్లికి తెలిసుండాలన్నారు, తెలుసుకుంది. తను సరేనంటే తప్ప ఏ యాపూ దిగకుండా తాళం వేయించింది. బట్టలు సరిచేసే కొట్లో పని ఆమెది. ఎవరిదో ప్యాంటు అంచు మడవడానికే రెండుసార్లు టేపు పట్టే మనిషి, సొంత కూతురి దగ్గర ఏమరుపాటుగా ఉంటుందా?

క్లాసు చెప్పినావిడ చివర్లో ఇంకో మాట అంది. "ఈ తాళాలన్నీ సగం పనేనమ్మా. పిల్ల తనంతట తను వచ్చి చెప్పిన రోజు మీ మొహం రంగు మారకూడదు. ఆ రోజు గనక అరిచారో, ఇంక జన్మలో మీకేదీ చెప్పదు."

ఆ రోజు రానే వచ్చింది. తల్లి వంటింట్లో గిన్నెలు తోముతుంటే ఎనిమిదో తరగతి చదివే కూతురు వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. చేతిలో ఫోను, కళ్లలో నీళ్లు. అందులో ఒక బైబిలు క్విజ్ యాపు ఉంది. తల్లే ముచ్చటపడి ఒప్పుకున్న యాపు. వాక్యాలు నేర్చుకుంటుంది కదా అని మురిసిపోయి కొట్లో నలుగురికీ చూపించింది కూడా. అందులో ఒకడు తగిలాడు. పదహారేళ్లన్నాడు, వాళ్ల ఊరి చర్చిలో గిటారు వాయిస్తానన్నాడు, నీ పరీక్షల కోసం ప్రార్థన చేస్తున్నానన్నాడు. ఫోటో పంపమంటే చర్చిలో పాడేటప్పటి కోయిర్ బట్టల్లో ఉన్నది ఒకటి పంపింది పిల్ల. ఆ తర్వాత వాడు బట్టల్లేకుండా ఇంకొకటి పంపమన్నాడు.

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మొహం మారనివ్వలేదు. సబ్బు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"పంపావా అమ్మలూ?"

"లేదమ్మా. భయమేసి నీ దగ్గరికొచ్చాను."

"మంచి పని చేశావు. తప్పు నీది కాదు, వాడిది."

వాడు రాసినవన్నీ జాగ్రత్త చేసి, వాడిని బ్లాక్ చేసి, యాపు వాళ్లకి ఫిర్యాదు పెట్టింది. నాన్నకి మాత్రం చెప్పాలంది. సరే, ఇంకెవరికీ చెప్పకమ్మా అంది పిల్ల. చెప్పనంది తల్లి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తండ్రి కూడా అరవలేదు, కూతురి తల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. ఇంతవరకూ ఆ ఇంట్లో అందరూ అన్నీ సరిగ్గానే చేశారు. కథ ఇక్కడే అయిపోయి ఉంటే ఎంత బాగుండేది!

కానీ మింగిన మాట లోపల కుదురుగా ఉండదు కదా. కొట్లో ఒక కోటుకి జిప్పు తిరగేసి కుట్టేసింది, మళ్లీ కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. ఆ వారమే చర్చిలో స్త్రీల కూడిక. అక్కడ ఒక పద్ధతుంది. గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్లు వరసగా తమ ప్రార్థన మనవి చెబుతారు. ఒకరు చెప్పిన మనవిని పక్కావిడ అందుకుని, మనిషి పేరు పెట్టి గట్టిగా ప్రార్థిస్తుంది. మోకాళ్ల నొప్పులు, మొగుళ్ల కోపాలు, పిల్లల మార్కులు, అన్నీ అలా చేతులు మారుతూ పైకి వెళ్తాయి. తల్లి వంతు వచ్చింది. అత్తగారి నడుంనొప్పి గురించి చెబుదామని నోరు తెరిచింది. నోట్లోంచి కూతురి సంగతి మొదటి నుంచి చివరిదాకా వచ్చేసింది.

మనుషులకి చెబుతున్నానని ఆమెకి అనిపించలేదు. కళ్లు మూసుకుని ఉంది, దేవుడికే చెబుతున్నాననుకుంది. వింటున్న చెవులు గుర్తుకి రాలేదు.

పక్కనున్నది సాక్ష్యాలమ్మ. లేచి సాక్ష్యం మొదలుపెడితే పాస్టరుగారంతటి వారే గడియారం చూసుకునేవారు, అందుకని ఆ పేరు. ఆవిడ ఈ తల్లి చేతులు రెండూ పట్టుకుని, పిల్ల పేరు పెట్టి, ఫోటో ఊసెత్తి, కన్నీళ్లతో ప్రార్థించింది. అందరూ ఏడ్చారు. తల్లి కూడా కడుపునిండా ఏడ్చి, బరువు దిగిందనుకుని ఇంటికెళ్లింది. రాలేకపోయిన అక్కచెల్లెళ్లు కూడా ప్రార్థించాలి కదా అని సాక్ష్యాలమ్మ ఆ సంగతంతా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ ఫోన్లే ఇళ్లల్లో పిల్లల చేతుల్లోనూ ఉంటాయి. ఆదివారం వచ్చేసరికి 'అడిగాడట' అన్నది 'పంపిందట' అయి కూర్చుంది.

కోయిర్లో పిల్ల పక్కన నిలబడే అమ్మాయిలు ఒక్కొక్కరే అవతలికి జరిగారు. వెనక వరసలో చెవులు కొరుక్కున్నారు. ఒకతి మాత్రం దగ్గరికొచ్చి, ఆ ఫోటోలో ఏముందని అడిగింది. పాట సగంలో ఉండగానే పిల్ల మెట్లు దిగి బయటికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అడిగింది. "నేనేం పంపలేదని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు తల్లీ."

"మరి వాళ్లకెందుకు తెలీదు?"

"నేను ప్రార్థన చేయమనే అన్నాను బుజ్జీ..."

"నేను చెప్పింది నీకమ్మా," అంది పిల్ల. అరవలేదు. అరిచినా బాగుండేదని తల్లికి అనిపించింది.

తల్లి ఒంటికాలి మీద సాక్ష్యాలమ్మ ఇంటికి వెళ్లింది. "అదేంటి చెల్లీ, నీ బిడ్డ కోసం ఉపవాసం కూడా ఉంటున్నానే!" అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని. ఆ ఎండిన పెదాలు చూశాక తిట్టడానికి నోరు రాలేదు. అయినా తిట్టాల్సింది ఎవరిని? ముందు నోరు జారింది ఎవరు? పాస్టరమ్మగారు గ్రూపులో ఆ ముక్క తీయించారు. చదివినవాళ్ల బుర్రల్లోంచి తీయించడం ఆవిడ వల్ల కూడా కాలేదు.

పిల్ల కోయిర్ మానేసింది. బడి నుంచి రాగానే అడగకముందే ఫోను తెచ్చి టీవీ పక్కన పెట్టేది. ఒక సాయంత్రం తల్లి పెళ్లి గౌనుకి పూసలు కుడుతూ కూర్చుంది. మెసేజి వచ్చినట్టు ఫోను మోగింది, మళ్లీ మోగింది, మళ్లీ. మోగిన ప్రతిసారీ పిల్ల గదిలోంచి వచ్చి, చూసి, ఏదో చెరిపేసి, మొహం పాలిపోయి లోపలికి వెళ్లింది. తల్లి సూది గుచ్చి పక్కన పెట్టి ఫోను తీసింది. పాస్‌వర్డు అదే ఉంది, మెసేజీలే లేవు. తుడిచిన అద్దంలా ఉంది ఫోను.

గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చుంది. "వాడు మళ్లీ వచ్చాడా? వేరే పేరుతో వచ్చాడా? నీ ఫోటో పెట్టి బెదిరిస్తున్నాడా అమ్మలూ?"

పిల్ల పుస్తకంలోకి చూస్తోంది.

"ఈసారి ఎవ్వరికీ చెప్పను. నీ మీద ఒట్టు."

పిల్ల తలెత్తింది. ఒట్టు పెట్టడం పాపమని తనకి నేర్పింది ఆ తల్లే. ఏదో చెప్పబోతున్నట్టే ముందుకి వంగి, చాలా చిన్నగా అడిగింది.

"ప్రార్థనలో కూడా చెప్పవా?"

దేవుడికి చెప్పుకోకుండా ఒక్క పూట కూడా బతకని మనిషి ఆ తల్లి. చీరకి అంటుకున్న పూసని ఏరి, మంచం మీద పెట్టి, అప్పుడు నోరు తెరిచింది.

"చెప్పను," అంది.

అప్పటికే పిల్ల వెనక్కి జరిగి మళ్లీ పుస్తకంలో తల దూర్చేసింది.

"ఏం లేదమ్మా. అంతా బాగానే ఉంది. నువ్వెళ్లి పని చూసుకో."