మొలవకూడని ప్లేట్లు

సుమయ్య పెంచే ఈస్టు మామూలు ఈస్టు కాదు. ఏ ప్రాణికైనా ఒక కణం రెండు కావాలంటే లోపలున్న డీఎన్‌ఏకు నకలు రాసుకోవాలి, ఆ నకలుకు నాలుగు రకాల ముడిసరుకు కావాలి. మామూలు ఈస్టు ఆ నాలుగూ తన ఒంట్లోనే వండుకుంటుంది. సుమయ్య ఈస్టుకు అందులో ఒకటి, అడెనిన్ అనేది, వండుకోవడం రాదు. జన్యువు ఒకటి చెడింది గనక ఆ వంట నడిమధ్యలో ఆగిపోతుంది. సగం ఉడికిన సరుకు లోపలే నిలవపడి, ఒళ్ళంతా మిరపపండులాగా ఎర్రబడుతుంది. బయటి నుంచి చిటికెడు అడెనిన్ పెడితే తిని ఎర్రెర్రగా పెరుగుతుంది. పెట్టలేదా, ఒక్క చుక్క కూడా లేవదు.

పెనుకొండ కాలేజీలో నాలుగేళ్ళు కూర్చుని అలాంటి మొండిరకాలను పదకొండింటిని వెదికి పట్టింది ఆ పిల్ల. సోమవారం ఫెలోషిప్ ఇచ్చే సంస్థ నుంచి వసుంధర మేడం వచ్చి చూడబోతున్నారు. అడెనిన్ పెట్టిన పదకొండు గాజు ప్లేట్లలో ఈస్టు పెరగాలి, పెట్టని పదకొండూ బోసిగా ఉండాలి. అట్లా ఉంటేనే ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేదంటే నాలుగేళ్ళ పనీ మూటగట్టి, హిందూపురంలో షాకిర్ బాబాయి ట్యుటోరియల్‌లో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పుకోవాల్సిందే.

శనివారం పొద్దున ప్రిన్సిపాల్ గోవిందరాజులు ల్యాబులోకి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఇరవై ఏళ్ళుగా పాసు శాతాలు లెక్కవేసీ వేసీ, ఏది చూసినా పాసా ఫెయిలా అని తప్ప వేరే ఆలోచన రాదు. ప్లేట్ల వరసలు చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"ఏంది సుమయ్యా, సగానికి సగం ఉత్తగా ఉండాయి?"

"అవి అట్లనే ఉండాల సార్. అవి మొలవకపోతేనే నా పని నిజమైనట్టు."

"మొలవకపోవడం గూడా ఒక పనేనామ్మా? యాభై శాతం రిజల్టు చూపిచ్చి నా పరువు తీస్తావా? వచ్చినోళ్ళ ముందర ఉత్త ప్లేటు పెడ్తారా యాడన్నా?"

సుమయ్య బోర్డు మీద బొమ్మగీసి మరీ చెప్పింది. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు. చివరికి, "సరేలే, అదంతా నువ్వు చూసుకుంటావు. ముందు ధర్మవరం పోయి మేడమ్‌కు మంచి పట్టు శాలువా ఒకటి తీసుకురా. రంగు నీకు తెలుస్తాది, మావోళ్ళకు తెలీదు" అన్నాడు.

పరిశోధన చేసే పిల్ల శాలువా కోసం రైలెక్కింది. ధర్మవరంలో నాలుగు దుకాణాలు తిరిగి నెమలిపింఛం రంగుది ఎంచి, అటునుంచి అటే హిందూపురం ఇంటికి పోయింది. ఆదివారం సెలవు.

సోమవారం పొద్దున్నే వచ్చి, ప్లేట్లుండే వెచ్చని పెట్టె తలుపు తీసింది. అడెనిన్ లేని పదకొండు ప్లేట్లలోనూ అంచుదాకా తెల్లగా, దిబ్బరొట్టెలాగా దట్టంగా ఈస్టు! వెనకనే అటెండరు చెన్నప్ప పండుగ ముఖంతో నిలబడి ఉన్నాడు.

"ఎట్లుండాది పాపా? ఒక్కటి గూడా ఖాళీ లేదు, చూడు!"

"ఏం చేసినావు చెన్నప్ప మామా?"

అతను నోరు తెరిచేలోగా వసుంధర మేడం, ఆమె వెనకే ప్రిన్సిపాల్ లోపలికి వచ్చారు. ఆమె ప్లేట్లు తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి.

"అడెనిన్ లేకుండానే పెరిగినాయే! అయితే నీ జన్యువులు చెడలేదన్నమాట. పదకొండూ తిరిగి బాగుపడినాయా?"

అవునంటే పని గంగపాలు. కాదంటే ఎవరి పనో చెప్పాలి, కాగితాల మీద సంతకం పెట్టాల్సిన ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నాడు. అయినా ఆ తెల్లటి ముద్దను తనదని చెప్పడానికి మనసొప్పలేదు.

"ఇది నా ఈస్టు కాదు మేడం. నేను పెట్టిందీ కాదు."

"మరి ఎవరు పెట్టినారు?"

గోవిందరాజులు, ఇంతటి పేరు వేరొకరికి పోతుందేమోనని భయపడ్డట్టున్నాడు, ఒకడుగు ముందుకేశాడు.

"నేనే మేడం! పాప ఒక్కతే ఎంతని చేస్తాది? నేను దగ్గరుండి చేయించినాను. మా కాలేజీలో మొలవని ప్లేటంటూ ఉండదు."

"హిందూపురం బేకరీ ఈస్టు మేడం" అన్నాడు చెన్నప్ప వినయంగా. "బన్నులకు వేసే మంచి రకం. నేనే బస్సులో పోయి తెచ్చినాను."

వసుంధర మేడం కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది. ఆ దగ్గు నిజమో కాదో ఆమెకే తెలియాలి. ఆ తరువాత కుర్చీలో కూర్చుని చెప్పింది: "గురువారం మళ్ళా వస్తాను. ఈ అమ్మాయి మళ్ళీ మొదట్నించి వేస్తుంది. అప్పటిదాకా ల్యాబు తాళంచెవి ఆమె దగ్గరే ఉండాల. సాయం గీయం అని ఎవరూ లోపలికి రాకూడదు. మీరు గూడా, ప్రిన్సిపాల్ గారూ."

మూడు రోజులు సుమయ్యకు అన్నం రుచి తెలియలేదు. ఒక్క కణం తనంతట తాను బాగుపడినా చాలు, ప్లేటు మీద చుక్క లేస్తుంది. పెట్టె తలుపు తీయాలంటే భయం, తీయకుండా ఉండాలంటే అంతకన్నా భయం.

గురువారం మేడం ఒక్కో ప్లేటూ ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. అడెనిన్ పెట్టినవి పదకొండూ ఎర్రగా విరగపెరిగాయి. పెట్టనివి పదకొండూ అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల్లాగా మెరుస్తున్నాయి. ఆమె పెన్ను తీసి, పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టి, కాగితాన్ని ప్రిన్సిపాల్ వైపు జరిపింది.

గోవిందరాజులు కూడా పెట్టాడు. పెట్టాడు గానీ, ఆ బోసి ప్లేట్లను చూస్తుంటే ఆయన ప్రాణం ఒప్పుకోవడం లేదు. జబ్బుపడిన బిడ్డను పలకరించినట్టు మెల్లగా అడిగాడు.

"ఒక్కటన్నా మొలవలేదా సుమయ్యా?"

"లేదు సార్" అంది సుమయ్య, ముఖమంతా నవ్వుతో. "ఒక్కటంటే ఒక్కటి గూడా మొలవలేదు!"