వ్యక్తిగత కారణాలు

అయినా శాసనసభ కమిటీ గదిలోకి ఆ పటం అంత పెద్దదిగా ఎందుకు వేసుకొచ్చారో, వెనక వరసలో కూర్చున్న నాకు కూడా కళ్ళజోడు లేకుండానే కనబడుతోంది, పొట్టి నీలం కడ్డీ, పక్కన పొడుగాటి నారింజ కడ్డీ, టర్ముకి పన్నెండు క్రెడిట్లు తీసుకున్నవాళ్ళలో ఇంతేమంది డిగ్రీ పూర్తి చేశారు, పదిహేను తీసుకున్నవాళ్ళలో ఇంతమంది, కాబట్టి అందరిచేతా పదిహేను తీసుకునేట్టు చేస్తే అందరూ పూర్తి చేసేస్తారు, ఎంత తేలిక, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళంతా పొడుగ్గా ఉన్నారు గనక ఊళ్ళోవాళ్ళందర్నీ పట్టుకుని సాగదీద్దాం అన్నట్టుంది, రాష్ట్రం ఇచ్చే గ్రాంటుకి ఇన్నాళ్ళూ పన్నెండు చాలు, ఇకమీదట పదిహేను ఉండి తీరాలంటుంది ఈ బిల్లు, పదిహేనంటే అయిదు సబ్జెక్టులు, పగలంతా కాలేజీలోనే, మరి మా విద్యార్థులు పనికి ఎప్పుడు పోతారు, ఆ సంగతి ఏ కడ్డీలోనూ లేదు, ఇంత తెలిసిన నేను ఈ బిల్లుని మెచ్చుకోవడానికే రాజధాని చార్లెస్టన్ దాకా రెండున్నర గంటలు మంచులో, కొండదారిలో బండి నడుపుకుంటూ వచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీది కాగితంలో నెడ్రా కోగర్, విద్యార్థుల సలహాదారు అని రాసి, అనుకూలం అన్న గడిలో టిక్కు పెట్టాను.

మొన్న మా కాలేజీ ప్రెసిడెంటు డాక్టర్ స్ట్రౌడ్ గదికి పిలిచి కుర్చీ చూపించినప్పుడే అనుకున్నాను ఏదో ఉందని, ఆయన ఊరికే కుర్చీ చూపించే రకం కాదు, చూడు నెడ్రా, నేను మాట్లాడితే పదవి మాట్లాడినట్టుంటుంది, నువ్వు మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుంటుంది, ఉండేది రెండే నిమిషాలు, రాసిచ్చింది చదివెయ్ చాలు, మరి పదిహేను తీసుకోలేనివాళ్ళ సంగతేంటి సార్, ఏముంది, పార్ట్‌టైమ్ లెక్కలోకి పోతారు, శాతం కట్టేది ఫుల్‌టైమ్ వాళ్ళకే, పూర్తిచేసినవాళ్ళ శాతం దానంతటదే పెరుగుతుంది, రాష్ట్రం మనకి నిధులిచ్చేది ఆ శాతం చూసే కదా, అర్థమైందా, అర్థమైంది సార్, అంటే ఎవరూ కొత్తగా పాసవరు, పాసవలేనివాళ్ళు లెక్కలోంచి జారిపోతారు, మిగిలినవాళ్ళని చూపించి మేం చప్పట్లు కొట్టించుకుంటాం, అయినా తలూపాను, పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే, ఇదిగో ఇప్పుడు ముందు వరసలో ఆయన బట్టతల నిగనిగలాడుతోంది.

పక్క సీట్లో ముసలాయన కోటు జేబులోంచి పెపరోనీ రోల్, మాంసం కూరిన రొట్టె, తీసి, చప్పుడు కాకూడదని నెమ్మదిగా కాగితం విప్పుతూ గది గదంతా వినబడేట్టు చేస్తున్నాడు, పేరు హోబర్ట్, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడట, సగం తింటావా అమ్మాయ్, వద్దండీ, పోనీ అనుకూలమా, వ్యతిరేకమా, అనుకూలమేనండీ, ఈ ఏడుపు మొహంతోనా, మా ఆవిడ కూడా పెళ్ళినాడు సరేనని ఇలాగే అంది, నవ్వాపుకోలేకపోయాను, నేనైతే ప్రతి జనవరీ వచ్చి అన్నిటికీ వ్యతిరేకమని చెప్పి పోతానమ్మా, కాలక్షేపం, కమిటీ అధ్యక్షుడు సుత్తి తట్టాడు, హోబర్ట్ నోట్లో ముక్క నమలకుండా అలాగే ఉంచుకున్నాడు.

ఇప్పుడు రెండో పటం పెట్టారు, ఇది గుండ్రంగా ఉంది, చదువు మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు, అన్నిటికంటే పెద్ద ముక్క వ్యక్తిగత కారణాలు, నూటికి అరవై నాలుగు మంది, ఎర్ర టై సభ్యుడు మైకు దగ్గరికి లాక్కుని, చూశారా, సగానికి పైగా వాళ్ళ సొంత కారణాలతోనే పోయారు, గ్రాంటు వల్లా కాదు, నిబంధన వల్లా కాదు, మనం కాస్త గట్టిగా ఉంటే వాళ్ళే దారిలోకి వస్తారు అంటున్నాడు, అరవై నాలుగు, ఆ ముక్క ఎలా తయారైందో నాకు తెలుసునయ్యా, మా కంప్యూటర్లో వ్యక్తిగత కారణాలకి కోడ్ సున్నా ఏడు, ఇంకా పదిహేడు కోడ్‌లున్నాయి, వాటిలో ఏది నొక్కినా కింద వివరం రాయమంటుంది, రాసేదాకా ముందుకు పోనివ్వదు, సున్నా ఏడుకి మాత్రం ఏమీ అడగదు, అందుకని మేమందరం అదే నొక్కుతాం, గుమ్మంలో మనుషులు నిలబడి ఉంటారు, సున్నా ఏడు, భోజనానికి ఆలస్యమవుతోంది, సున్నా ఏడు, ఆ అరవై నాలుగు మేం నొక్కిందే, దాన్ని చూసి వీళ్ళు చట్టం చేస్తున్నారు.

డార్లా ముల్లిన్స్‌కి నేనే నొక్కాను. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే డార్లా, ముప్ఫై ఒక్కేళ్ళు, ఇద్దరు పిల్లలు, దగ్గరికొస్తే బ్లీచ్ వాసన, మిస్ నెడ్రా, ఎన్నాళ్ళని ఆ దుప్పట్లు ఉతకను, వాటి మీద పడుకున్నవాళ్ళ దగ్గరికి పోవాలి నేను, నర్సునై పోవాలి అనేది, కెమిస్ట్రీ దగ్గర తడబడింది, అక్టోబరులో ఒకరోజు వచ్చి, ఇది నావల్ల కాదు మిస్ నెడ్రా, ఫెయిలైపోయేట్టున్నాను అంది, ఆమె వెనక ఇంకా పదకొండుమంది, ఫోను మోగుతూనే ఉంది, నేను అందరికీ చెప్పే మాటే ఆమెకీ చెప్పాను, ఫెయిలవడం కంటే ఆ సబ్జెక్టు వదిలెయ్యడమే నయం తల్లీ, వచ్చే ఏడాది తీసుకుందువు గానీ, సంతకం చెయ్యి, తరవాతెవరు, అంతే, నాలుగు క్రెడిట్లు పోతే పన్నెండు కాస్తా ఎనిమిదవుతాయి, పన్నెండుకి ఒక్కటి తగ్గినా గ్రాంటు పోతుంది, రోజూ చేసే లెక్క, ఆ ఒక్కరోజు చెయ్యలేదు, మూడు వారాలకి గ్రాంటు రద్దయిందన్న ఉత్తరం పట్టుకుని వచ్చింది, అరవలేదు, అరిచినా బాగుండేది, మీరే కదా చెప్పారు మిస్ నెడ్రా అంది, అప్పీలు నేనే రాశాను, విద్యార్థిని నిబంధనని సరిగా అర్థం చేసుకోకపోవడం వల్ల అని రాశాను, సిగ్గులేని చెయ్యి, అప్పీలు కొట్టేశారు, క్రిస్మస్ ముందు కాలేజీ జాబితాలోంచి ఆమె పేరు తీసేస్తుంటే కంప్యూటర్ కారణం అడిగింది, సలహాదారు పొరపాటు అనే కోడ్ లేదు, ఇతరములు ఉంది, కింద వివరం రాయాలి, సున్నా ఏడు నొక్కి కాఫీకి వెళ్ళాను.

లేచాను, హోబర్ట్ కాళ్ళు పక్కకి తీశాడు, గుమ్మం దగ్గరి బల్ల వెనక అమ్మాయిని అడిగాను, గడి మార్చుకోవచ్చా, ఎందుకు మార్చుకోకూడదండీ, పాతది కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, చాలామంది మారుస్తారు, కొట్టేశాను, వ్యతిరేకం అన్న గడిలో టిక్కు పెట్టాను, వెనక్కొచ్చి కూర్చుంటుంటే స్ట్రౌడ్ తిరిగి చూసి బొటనవేలు పైకెత్తాడు, పాపం, ఇంకా తెలీదు, తెలిశాక వేసవిలోపు నా బల్ల ఖాళీ చేయిస్తాడు, చేయించనీ, ఆయన రాసిచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేశాను, డార్లా గురించి చెబుతాను, ఆ బ్లీచ్ చేతుల గురించి, పిల్లల గురించి, పన్నెండు ఉన్నప్పుడే ఒక్క సంతకంతో ఒక మనిషి పడిపోయింది, పదిహేను చేస్తే ఎంతమంది పడతారో చూడండి అంటాను, మూడో మనిషి మాట్లాడుతున్నాడు, తరవాత నేనే, డార్లా కథ వింటే ఎర్ర టై కూడా అయ్యో అంటాడు, అంటాడు, అవును, అయ్యో అని భోజనానికి పోతాడు, బిల్లు పాసవుతుంది, పాపం చదవలేకపోయింది అనుకుంటారు, మళ్ళీ తప్పంతా ఆమెదే అవుతుంది, మళ్ళీ అలా చేసినదాన్ని నేనే అవుతాను, పైగా ఆమెని అడగకుండా ఆమె పేరు ఇందరి ముందు పరచడానికి నేనెవర్ని.

మిస్ కోగర్, మీకు రెండు నిమిషాలు, అధ్యక్షుడు పిలిచాడు, నడుస్తున్నాను, మైకు నాకంటే ఎత్తులో ఉంది, వంచాను, వీళ్ళు విద్యార్థులే తప్పు చేస్తారనుకుని చట్టం రాస్తున్నారు, తప్పు బల్లకి ఇటువైపు కూడా జరుగుతుందని ఎవరో ఒకరు చెప్పాలి, చేసినవాళ్ళే చెప్పాలి, ఇంకొకరు చెబితే ఫిర్యాదు, నేను చెబితే సాక్ష్యం, ఎంత తేలిగ్గా ఉంది ఇప్పుడు, ఈ గదిలో ఆమె పేరుతో పనే లేదు, చెప్పాల్సిన పేరు నాది.