ఓజెల్లా గిన్నె

మా ఊళ్ళో చావు జరిగిన ఇంటికి కేకు పంపుతారు. ఆ బుధవారం మా పెద్దమ్మ ఆర్జులా గుమ్మంలోకి కేకొచ్చింది. ఇంట్లో ఎవరూ పోలేదు. పాత ఎనామిల్ గిన్నెలో ఇంకా వెచ్చగానే ఉంది. పక్కన చీటీ: ‘సాయంత్రంలోగా పోటీ నుంచి తప్పుకో.’

మా జిల్లాని నడిపే కౌంటీ బోర్డు ఎన్నికల్లో నిలబడిన మొదటి నల్ల ఆడది మా పెద్దమ్మ. ఎదురు నిలబడింది తెల్లవాడు, థర్మన్ కట్లిఫ్. వాళ్ళ తాత ఇంట్లో మా అమ్మమ్మ ఓజెల్లా వంట చేసేది. నల్లవాళ్ళు ఓటడిగితే చంపేసే ఆ రోజుల్లో ఆమె ఓటరుగా పేరు రాయించుకుంది. ఆ వారంలోనే, వాళ్ళకి మొక్కజొన్న రొట్టె పట్టుకుని బయల్దేరి మాయమైపోయింది. అసలు తమ ఇంటికే రాలేదన్నారు కట్లిఫ్‌లు. ఎవడితోనో లేచిపోయిందని తేల్చేశాడు కౌంటీ పోలీసులకి పెద్ద, అప్పటి షెరీఫ్. ఇప్పుడు థర్మన్ మనుషులు ప్రతి సభలోనూ అదే కూస్తున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అయినా భయమేసింది. “తప్పుకో పెద్దమ్మా. నువ్వు మిగిలితే చాలు నాకు.”

“నోర్ముయ్యవే డెల్ఫీన్. ఆ కేకు చెత్తలో పారెయ్. గిన్నె బానే ఉంది, ఉంచుకుందాం.”

చెత్తడబ్బా మీద గిన్నె బోర్లించాను. చర్చి విందుల్లో గిన్నెలు మారిపోకుండా మా ఆడవాళ్ళు అడుగున పేరు గీసుకుంటారు. ఈ కేకు పంపిన కట్లిఫ్‌ల ఇంట్లో ఎవరికీ తిరగేసి చూడాలని తోచినట్టు లేదు. మేకుతో గీసిన అక్షరాలు తుప్పుపట్టి కనిపించాయి: ఓజెల్లా.

పెద్దమ్మ వాటిని వేలితో తడిమింది. “ఆ రోజు దీన్నే పట్టుకెళ్ళిందే అమ్మ. వాళ్ళ వంటింటి దాకా వెళ్ళింది. మా అమ్మ ఎవడితోనూ లేచిపోలేదు.” అంటూనే బావురుమంది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

“షెరీఫ్‌కి చూపిద్దామా?”

“థర్మన్ బావమరిదికా? బానే ఉంది నీ తెలివి! కోర్టు ముందు ఎన్నికల సభ జరుగుతోంది. అక్కడ అందరికీ చూపిస్తా. కారు తియ్.”

వీధి మలుపులో ఆగి ఉన్న ట్రక్కు మా వెనకే కదిలింది. అద్దంలో చూశాను.

“థర్మన్ మనుషులు వస్తున్నారు పెద్దమ్మా.”

“రానీ. అమ్మ వెళ్తుంటే ఎవరూ చూడలేదన్నారు. మనం వెళ్ళడం అందరూ చూడాలి. హారన్ కొట్టు.”

కొట్టాను. ఆపకుండా కొట్టాను. ఒక్కో తలుపూ తెరుచుకుంది. కొన్ని మూసుకున్నాయి కూడా. ట్రక్కు మాత్రం వెనకే వస్తోంది.