ఓలే అంటే నడిచే గుర్రం

నిమ్‌పురా రైలు యార్డు వెనక గుర్రాల మాస్టారు నూకరాజును ఎరగనివాళ్లు లేరు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టమంటే, ఈయన కలకత్తా పారిపోయి రేసు గుర్రాల కళ్లెం పట్టాడు. తిరిగొచ్చాక ఊళ్లో మగపిల్లలకు స్వారీ నేర్పుతూ జుట్టు నెరిపించుకున్నాడు. ఏనాడూ కొరడా ముట్టలేదు. అంతా నోటితోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయనకు గుర్రాలు మంచివయ్యాయి.

“ఓలే, తిన్నగా నడు” అంటే ఆడగుర్రం లచ్చి నడిచేది. “ఓలే, సాల్లే ఆగు” అంటే ఆగేది. ఇంకెవరు పిలిచినా, కళ్లెం లాగినా కదిలేది కాదు. “నా గుర్రం నా మాటే ఇంటాది” అని మలంచా బజారు దాకా చెప్పుకుని మురిశాడు మహానుభావుడు. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలియలేదు.

గొంతులో కేన్సర్ లేచింది. కోసిన డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ, మాట పట్టుకుపోయారు.

మాస్టారు మూగవాడయ్యాక లచ్చి రాయిలా నిలబడిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఖరిదాలో పెళ్లి బ్యాండు నడిపే సిరిల్, పెళ్లికొడుకుల ఊరేగింపుకు గుర్రం కావాలని వచ్చాడు.

“నాకిచ్చీ దాదా. దెబ్బకి అదే నడుస్తాది.”

నూకరాజు కాదని తల ఊపలేకపోయాడు. నడవని గుర్రాన్ని ఎన్నాళ్లు కట్టేసి మేపుతాడు?

ఆదివారం సిరిల్ తోలుకుపోవడానికి వచ్చాడు. ఎంత లాగినా లచ్చి కదల్లేదు. కొరడా ఎత్తాడు. నూకరాజు నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఓలే, ఏటా మొండితనం? తిన్నగా నడు.”

పాకలోంచి పేడతట్టతో వచ్చిన కూతురు కళ్యాణి అంది. లచ్చి చెవులు నిక్కించి, సిరిల్‌ను ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికి నడిచింది.

“ఓలే, సాల్లే ఆగు.”

ఆగింది. ఆగదా మరి? అచ్చం తండ్రి యాస, తండ్రి సాగదీత. పుట్టినప్పటినుంచీ కూతుర్నీ గుర్రాన్నీ ఆయన ఒకే నోటితో, ఒకే మాటతో అదిలించాడు. చిన్నప్పుడు తననూ ఎక్కించమని ఆ పిల్ల ఏడిస్తే, “ఆడపిల్లకి గుర్రమేటి? పేడెత్తు” అన్నాడు. ఎత్తుతూనే పాఠాలన్నీ వినేసింది.

సిరిల్ కొరడా దించాడు. “ఠీక్ హై దాదా. ఇది నాకొద్దు” అని వెళ్లిపోయాడు.

నూకరాజు కూతురి చేతిలోని పేడతట్ట తీసి పక్కన పెట్టాడు. తర్వాత లచ్చి పక్కన వంగి, కొత్తవాళ్లను ఎక్కించేటప్పుడు పట్టినట్టు, రెండు అరచేతులూ కలిపి మెట్టుగా పట్టాడు.

“నీ సేతుల మీద కాలెట్టమంటావేటి నాన్నా?”

ఆయన చేతులు దించలేదు. కళ్యాణి పేడంటిన పాదాన్ని చీరకు తుడుచుకోబోయింది. తుడుచుకోనివ్వలేదు. ఆ పాదాన్ని అలాగే అరచేతుల్లోకి తీసుకుని పైకెత్తాడు.