వెనుకబెంచీ పరిశీలనము

శరత్కాలారంభమున వర్షధౌతములైన గిరిశిఖరములు నీలకాంతులతో వెలుంగుచుండ నాగావళీతరంగశీకరశీతలమైన ప్రభాతపవనము పొట్టకు వచ్చిన వరిచేలను మెల్లమెల్లగ నూపుచుండ నీలాడవలస యున్నతపాఠశాలాప్రాంగణమున ప్రార్థనాగీతము ముగిసెను. బాలబాలికలు తరగతులకుం జనిరి. విజ్ఞానశాస్త్రోపాధ్యాయిని సుగుణావతి మాత్రము ప్రధానోపాధ్యాయుని గదిలో చింతాక్రాంతయై నిలిచియుండెను.

తరగతులకు నూతనయంత్రపరికరముల నొసంగ నెంచిన విద్యాశాఖవారు ఆ పాఠశాల కేవి కావలయునో తెలుపుమని కోరియుండిరి. ఆ నిర్ణయభార మామెపై బడెను. పొరుగూరి ప్రైవేటు బడి గోడలపై మెఱయు పెద్ద తెరలను జూచి మనసుపడిన ప్రధానోపాధ్యాయుడు భుజంగరావు "మనమూ అవే అడిగేద్దాం అమ్మా, ఆలోచించడానికేముంది" అనెను.

"మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తెలియకుండా ఏమడుగుతాం సార్? ఒకరి తరగతిలో ఒకరం వెనక బెంచీ మీద కూర్చుని చూద్దాం" అని యామె విన్నవింప భుజంగరావు సందేహించుచునే సమ్మతించెను.

యంత్రములనిన మొగము చిట్లించు తెలుగు పండితుడు అప్పలాచార్యులు ఆ మాట విని "ఇన్నేండ్లు బోధించిన పిదప నన్ను పరీక్షించెదరా" యని కినుక వహించెను. సుగుణావతి నొచ్చుకొనక "ముందు నా తరగతికే రండి మాస్టారూ. లోపాలుంటే మొగమాటం లేకుండా చెప్పండి" అని చేతులు జోడించెను.

ఆచార్యులు వచ్చి వెనుక బెంచీపై నాసీనుడయ్యెను. పాఠశాలయందున్న యొకేయొక సూక్ష్మదర్శినిలో నామె యుల్లిపొరలోని కణములను జూపుచుండ బాలబాలికలతోబాటు తానును వరుసలో నిలిచెను. ఆయన వంతు రాకమున్నే గంట మ్రోగెను. చూడనోచనివారు చూచినవారి బొమ్మలను దించుకొనుచుండుట గాంచి యాయన వెడలిపోయెను. మఱునాడు తన తరగతి తలుపు దానే తెఱచి గణితోపాధ్యాయుడు గౌరునాయుడిని లోనికి సాదరముగ బిలిచెను.

అటుపిమ్మట మువ్వురును గూడి వాదించుకొని తమ కోరికను నిశ్చయించిరి. విద్యాశాఖాధికారిణి విచారణకై వచ్చినపుడు "అందరూ పెద్ద తెరలడిగారు. మీరేమిటి ఇవి కోరారు" అని ప్రశ్నింపగా సుగుణావతి సమాధానము జెప్ప నుద్యుక్త యయ్యెను గాని యామెకన్న మున్నుగ నాచార్యులు లేచెను.

"అమ్మా, ఉల్లిపొరను జూడ నేనును వరుసలో నిలిచితిని. నాకును నా వెనుకటి పిల్లలకును చూపు దక్కలేదు. సూక్ష్మదర్శినికి కెమెరా నమర్చి చిన్న ప్రొజెక్టరుతో గోడపై జూపినచో నందఱు నొకేసారి చూడగలరు."

గౌరునాయుడు వెంటనే యందుకొనెను. "ఆచార్యులు మాస్టారు చెప్పినంతసేపూ కొండపిల్లలు పద్యం చక్కగా చెప్తారండి. ఇంటికాడ మళ్లీ చెప్పీవోళ్లు లేరు. ఆయన గొంతు రికార్డు చేసి చిన్న ప్లేయర్లిచ్చి పంపితే పద్యం వాళ్ల నోట నిలబడతాది."

ఇరువురును దమకొఱకు గాక యొండొరుల శిష్యులకొఱకు వాదించుట విని సుగుణావతి తాను చెప్పదలచిన మాటలన్నియు మఱచెను. ఆమె హృదయ మానందగర్వభరితమై కన్నులు చెమర్చెను.

అధికారిణి చిఱునగవుతో సమ్మతించి "ఈ పద్ధతి మిగతా బడుల వాళ్లకీ చెప్పాలి. మీరు వస్తారా" అని సుగుణావతి నడిగెను.

"నేనొక్కదాన్నే వస్తే సగమే చెప్పగలను మేడమ్. ముగ్గురం వస్తాం."

అధికారిణి ప్రధానోపాధ్యాయుని వంక జూచెను. పెద్ద తెరలు రావను చింత యాయన మొగమున నిసుమంతయు గానరాలేదు. భుజంగరావు కుర్చీనుండి లేచి నిలువెల్ల నిటారై "ముగ్గురూ మా బడివాళ్లేనండి" అని పలికెను.