బస్సు ఆగని బస్ షెల్టర్

నేనో బస్ షెల్టర్‌ని. నవ్వకండి, నా నుదుటి మీద అలాగే రాసుంది. నలభై ఏళ్ళ కిందట కాకినాడలో, ఓ సినిమా హాలు రోడ్డు మొదట్లో నన్ను కట్టి, రిబ్బను కత్తిరించి, అందరూ కోవా బిళ్ళలు తిని వెళ్ళిపోయారు. ఆ రోజు వచ్చినంత జనం మళ్ళీ నా నీడకు రాలేదు.

తప్పు నాదేం కాదు. మొదట్లో ఎవరో తెలివైనాయన, సీటు దొరుకుతుందని బస్సు వచ్చే వైపు నాకంటే పదడుగులు ముందుకెళ్ళి నించున్నాడు. మర్నాడు ఇంకొకాయన ఆయనకంటే పదడుగులు ముందు. డ్రైవరేమో జనం ఎక్కడుంటే అక్కడ ఆపేవాడు. అలా అలా స్టాపు జరుగుతూ జరుగుతూ వెళ్ళి మిఠాయి కొట్టు దగ్గర తేలింది. నాకు రెండు కుక్కలూ సినిమా పోస్టర్లూ మిగిలాయి. మనిషంటూ ఒక్క సత్యవేణే.

సత్యవేణిది పోలియో కాలు. స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. మిఠాయి కొట్టు దగ్గర ఎండలో అరగంట నించోలేదు కదా, నా బల్ల మీద కూర్చునేది. బస్సు కనబడగానే కర్ర పట్టుకుని లేచేది. సగం దూరం వెళ్ళేసరికి అది కాస్తా వెళ్ళిపోయేది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదు" అన్నాడట యజమాని. చేలో దిష్టిబొమ్మను చూసైనా కాకులు భయపడతాయి. నన్ను చూసి ఒక్క డ్రైవరూ బ్రేకు వెయ్యడే!

మొన్న సోమవారం కొత్త కరెంటు బస్సులొచ్చాయి. షెల్టరు ఉన్నచోటే ఆపాలని రూలట. ఒకటి చప్పుడు లేకుండా వచ్చి నా ముందాగింది. పాపం, చెడిపోయిందనుకున్నాను.

"ఎక్కండమ్మా, స్టాపు ఇదే కదా" అంది డ్రైవరమ్మాయి.

సత్యవేణి ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. మిఠాయి కొట్టు దగ్గరి జనం సంచులు పట్టుకుని వెనక్కి ఒకటే పరుగు. "పోనీ తల్లీ, పోనీ! వాళ్ళ తిక్క కుదరాలి" అని నేను లోపల్లోపల ఒకటే గోల. సిమెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది!

సత్యవేణి గడియారం చూసుకుంది. పనికి ఇంక పది నిమిషాలే ఉంది.

"కాస్త ఆపమ్మా. వాళ్ళూ పనులకెళ్ళేవాళ్ళే" అంది.

చివరి మనిషి ఎక్కేదాకా బస్సు కదల్లేదు. సిగ్గుతో నా పెచ్చులు రెండు రాలాయి.

సాయంత్రం ఆవిడ ఎదుటి వైపు బస్సు దిగింది, చీర నిండా దారప్పోగులు. హమ్మయ్య, పని నిలిచింది.

వచ్చే నెల నన్ను కూల్చేసి ఇక్కడే అద్దాల షెల్టరు కడతారట. ఏ బస్సు ఎప్పుడొస్తుందో అదే చెబుతుందట. కట్టుకోనివ్వండి. నేను మాత్రం బస్సు ఆగిన షెల్టరుగానే పోతాను.